పైసా ఖర్చు లేని రాజీ

నూజివీడు కోర్టుకి ఎదురుగా సత్యనారాయణమూర్తి ప్లీడరు గారి ఆఫీసులో నేను ఇరవై ఏడేళ్ళుగా గుమాస్తాని. మా వృత్తికి చేటు చేసినవాళ్ళ పేర్లు వరసగా రాయమంటే మొదటి పేరు సువర్ణరాజు గారిదే రాస్తాను. మనిషి చెడ్డవాడని కాదు. ఆయన వల్ల ఏడాదికి ఆరేడు దావాలు మా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవి. ఇంటి గొడవ పట్టుకుని అన్నదమ్ములు వచ్చి మా బెంచీ మీద చెరో చివరా కూర్చుంటారు. నేను వకాల్తా కాగితం బయటికి తీస్తాను. ఈలోగా వాళ్ళలో ఎవరో ఒకరు, "పోనీ ఓసారి సువర్ణరాజు గారి చెవిన కూడా వేద్దాం" అంటారు. నేను ఆ కాగితాన్ని మళ్ళీ సొరుగులో పెట్టేస్తాను.

ఆయన అసలు పని మామిడి తోటల అంచనా. మా వైపు తోటని పూత మీదో పిందె మీదో వ్యాపారికి ఇచ్చేస్తారు. కాయ కొయ్యకముందే డబ్బు చేతులు మారాలి కాబట్టి చెట్టు మీద ఎంత నిలుస్తుందో ఎవరో ఒకరు చెప్పాలి. సువర్ణరాజు గారు చేతులు వెనక్కి కట్టుకుని తోటలోకి వెళతారు. ఒక్కో చెట్టు చుట్టూ ఒక్కసారి తిరుగుతారు. కొమ్మ వంచరు, కాయ ముట్టుకోరు, కాగితం మీద ఏమీ రాసుకోరు. బయటికొచ్చి, "బంగినపల్లి నాలుగున్నర టన్నులు, రసాలు రెండు" అని కండువా దులుపుకుంటారు. కోత అయ్యాక కాటా వేస్తే తేడా పది ట్రేల కాయకి మించదు. రైతుకీ వ్యాపారికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండదు గాని ఇద్దరికీ ఆయన మీద ఉండేది. నలభై ఏళ్ళలో తను చూసిన ఏ తోట ఏ సంవత్సరం ఎంత కాసిందో ఆయనకి నోటికి వచ్చు. అడిగితే చెబుతారు. అడక్కపోయినా చెబుతారు.

తోట ఉన్నచోట పంపకాలుంటాయి, పంపకాలున్నచోట గొడవలుంటాయి. చెట్లకి ధర కట్టమని పిలిచినవాళ్ళు, ఎలాగూ వచ్చారు కదా ఈ తగువు కూడా తేల్చి వెళ్ళమనేవారు. అలా మొదలైంది. తర్వాత తోటలు లేనివాళ్ళు కూడా పిలవడం మొదలుపెట్టారు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆ గుడి బయట ఆయన కోసం రెండు మూడు కుటుంబాలు కాచుకుని ఉండేవి. ఆయన పద్ధతి ఎప్పుడూ ఒకటే. ఇద్దర్నీ ఒక మంచం మీద కూర్చోబెట్టి, తను కుర్చీ లాక్కుని, తగువు సంగతి ఎత్తకుండా ముందు కోర్టు ఖర్చు చెబుతారు.

"వకాల్తా, టైపింగు, కోర్టు ఫీజు పక్కన పెట్టండి. ప్లీడరు గారికి మొదట ఇరవై వేలు, సాక్ష్యం నాటికి ఇరవై, జడ్జిమెంటు నాటికి ఇరవై. నెలకో వాయిదా. వాయిదాకి ఇద్దరు మనుషులు, బస్సు, టిఫిను, ఆ రోజు కూలి పోయె. ఇలా పదేళ్ళు. నువ్వు గెలిస్తే వాడు అప్పీలు, వాడు గెలిస్తే నువ్వు అప్పీలు. ఈలోగా చెట్లకి మందు కొట్టేవాడు లేక తోట పాడు. నా దగ్గరైతే పైసా ఖర్చు లేదు. రెండు టీలు తాగుతాను."

ఇందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. నాకు ఒళ్ళు మండేది అందుకే. టైపింగు రేటు నేను చెప్పేదానికంటే ఆయన చెప్పేదే సరిగ్గా ఉండేది.

జి. కొండూరు వైపు అన్నదమ్ములిద్దరు బోరు నీళ్ళ దగ్గర తలలు పగలగొట్టుకుంటే, మధ్యాహ్నం వెళ్ళి సాయంత్రానికి కలిపేశారు. ఉంగుటూరులో మొగుడూ పెళ్ళాల తగువు రెండు పూటల్లో ముగించారు. ఆ పెళ్ళాం చివరికి ఏమందని నేను కుతూహలం కొద్దీ అడిగితే, ఏమీ అనలేదు, తలూపిందన్నారు. అప్పుడు నేను దాని గురించి ఆలోచించలేదు. పోయిన ఫీజు గురించి ఆలోచించాను.

ఇలా ఉండగా, 2024 జూలైలో ఒక సోమవారం పొద్దున్నే ఒకావిడ వచ్చి మా బెంచీ చివర కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. ఒళ్ళో గుడ్డసంచీ. చూడగానే గుర్తుపట్టాను. సువర్ణరాజు గారి భార్య సవరమ్మ గారు. స్కూల్లో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతారు. ఆవిడ మాట్లాడగా నేను అంతవరకూ వినలేదు. ఆయన పక్కన ఉన్నప్పుడు ఇంకొకరి మాట వినపడే అవకాశం తక్కువ.

"దావా వెయ్యాలండి," అన్నారు.

"ఎవరి మీదమ్మా?"

"మా అన్నయ్య మీదా, మా ఆయన మీదా."

నాకు సంతోషం కలగలేదని చెబితే అబద్ధం అవుతుంది. ఫ్యాను స్పీడు పెంచి, మంచినీళ్ళు ఇచ్చి, సంగతేంటో చెప్పమన్నాను.

సంగతి ఇది. బాపులపాడు దగ్గర వాళ్ళ నాన్నకి రెండెకరాల మామిడి తోట ఉండేది. ఆయన వీలునామా రాయకుండా 2006లో పోయారు. క్రైస్తవ కుటుంబం కాబట్టి చట్ట ప్రకారం కొడుక్కీ కూతురికీ సమానం. అన్న రాయప్పకి ఒక ఎకరం, సవరమ్మ గారికి ఒక ఎకరం. ఎకరానికి ముప్ఫై ఎనిమిది చెట్లు. తోట మొత్తం తనే ఉంచుకుని చెల్లెలికి డబ్బిస్తానని రాయప్ప అన్నారు. ఎంతివ్వాలన్న దగ్గర మాట పెరిగింది. అప్పుడు సువర్ణరాజు గారు కల్పించుకుని, మరుసటి ఏప్రిల్లో తోట చూసి, ఎకరానికి ఒకటిన్నర టన్నుల కాపని లెక్క చెప్పి, దాని మీద ఆవిడ వాటాకి లక్షన్నర ధర కట్టారు. సవరమ్మ గారు తన హక్కు వదులుకుంటున్నట్టు దస్తావేజు రాసి సంతకం పెట్టారు. సాక్షిగా సువర్ణరాజు గారు సంతకం పెట్టారు. ఆ డబ్బుతో ఇంటికి శ్లాబు వేశారు.

"మరి ఇన్నాళ్ళకి ఎందుకమ్మా?" అని అడిగాను.

"మొన్న మే నెల్లో మా వాకిట్లో ఒక పంచాయితీ అయిందండి. మౌనిక అని, ఇరవై ఆరేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న పోతే తమ్ముడు వాటా ఇవ్వనంటున్నాడు. మా ఆయన ఆ పిల్లకి కోర్టు ఖర్చంతా చెప్పేసి, 'మా ఆవిడే ఉంది చూడమ్మా, తన వాటా ఒక్క పూటలో, పైసా ఖర్చు లేకుండా తేల్చాను. ఇవాళ్టి దాకా ఒక్క మాటన్నదేమో అడుగు' అన్నారు. ప్రతి పంచాయితీలోనూ నా పేరు చెబుతారంట. నాకు తెలీదు. నేనప్పుడు టీ పట్టుకొస్తున్నా. ఆ పిల్ల నా మొహంలోకి చూసిందండి."

"మీరేమన్నారు?"

"టీ ఇచ్చాను. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. అప్పట్నించీ నాకు నిద్ర లేదు."

ప్లీడరు గారు దస్తావేజు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "అమ్మా, ఇలాంటివి మూడేళ్ళలోపు తేవాలి. పదిహేడేళ్ళయింది. ఈ దావా నిలబడదు. డబ్బు పుచ్చుకుని వేసేవాళ్ళుంటారు గాని, నేను ఉన్నమాట చెబుతున్నాను," అన్నారు. మా ప్లీడరు గారికి ఈ జబ్బు మొదటినుంచీ ఉంది. నేను చెప్పీ చెప్పీ వదిలేశాను.

"ఓడిపోతానని తెలుసండి. ఎంతవుద్ది?"

"కోర్టు ఫీజే పదకొండు వేలు దాటుద్ది. అన్నీ కలిపి మొదటి ఏడాదికి నలభై వేలు," అన్నాను నేను, ఆయన మళ్ళీ నోరు తెరవకముందే.

ఆవిడ సంచీలోంచి డ్వాక్రా పొదుపు డబ్బు తీసి బల్ల మీద పెట్టారు.

"మీవారి పేరు ఎందుకమ్మా? ఆయనకి తోటలో ఏమీ రాలేదు. సాక్షి మాత్రమే," అన్నారు ప్లీడరు గారు.

"ఆయన పేరు లేకపోతే నాకు కేసే అక్కర్లేదండి."

"ఆయన దగ్గర మీకేం కావాలి?"

"ఆ రోజు మా నాన్న తోటకి తప్పు లెక్క చెప్పారు. తెలిసే చెప్పారా, తెలియక చెప్పారా, అది చెప్పాలి. పదిహేడేళ్ళ నించీ ఇంట్లో అడుగుతున్నాను. రేపు మాట్లాడదాంలే అంటారు. కోర్టులో అయితే రేపు అనటానికి ఉండదు కదండీ."

కోర్టులో రేపు అనడానికి ఉండదన్న మాట విని నేనూ ప్లీడరు గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దావా వేశాం.

సమన్లు అందిన మర్నాడు సువర్ణరాజు గారు మా ఆఫీసుకి వచ్చారు. ఆయన మా గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సమన్లు తెచ్చినవాడికి మా ఆవిడే మజ్జిగ ఇచ్చిందయ్యా. 'ఎండన పడి వచ్చావు, తాగు నాయనా' అంది. తర్వాత లోపలికెళ్ళి పప్పు తాలింపు వేసుకుంది. ముప్ఫై మూడేళ్ళ కాపురం. ఒక్క మాట చెప్పలేదు."

"చెప్పానంటున్నారండి. పదిహేడేళ్ళ నించీ అడుగుతున్నానంటున్నారు."

"అది ఇంట్లో మాటయ్యా. ఇంట్లో మాట ఇంట్లో మాటే. నలభై వేలు తగలేసింది. నన్నడిగితే పైసా ఖర్చు లేకుండా తేల్చేవాణ్ణి కదా?"

"మీ మీదున్న తగువు మీరే ఎలా తేలుస్తారండి?"

ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయారు. ప్లీడర్ని పెట్టుకోలేదు. తన జవాబు తనే కాగితం మీద రాసి దాఖలు చేశారు. అందులో మూడే వాక్యాలున్నాయి. వాది నా భార్య. మంచి మనిషి. ఈ దావాకి పెట్టే ఖర్చు దండగ.

ఆ తర్వాత ఆరు వాయిదాలు నడిచాయి. ప్రతి వాయిదాకి వాది, రెండో ప్రతివాది ఒకే మోటారుసైకిల్ మీద వచ్చేవారు. గేటు దగ్గర ఆవిడ దిగి ఎడమ పక్క వరండాలోకి, ఆయన బండి స్టాండు వేసి కుడి పక్క వరండాలోకి వెళ్ళేవారు. మధ్యాహ్నం ఆవిడ క్యారియర్ విప్పేవారు. పైగిన్నె ఆవిడకి, మధ్యగిన్నె ఆయనకి, కిందిది మొదటి ప్రతివాది రాయప్పకి. ముగ్గురూ వేపచెట్టు నీడన కూర్చుని తినేవారు. అవతలి పార్టీకి అన్నం పెట్టకూడదని చట్టంలో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. అయినా మా ప్లీడరు గారు ఆ వైపు వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేవారు.

ఇంట్లో మాత్రం వాళ్ళిద్దరికీ మాటల్లేవట. సొంత భార్యే కోర్టుకి లాగిన మనిషి దగ్గరికి తగువు తీర్చమని ఎవరొస్తారు? గుడి బయట ఆయన కోసం కాచుకునేవాళ్ళు మానేశారు. ఆ ఏడాది మా ఆఫీసుకి కొత్తగా నాలుగు దావాలు వచ్చాయి. ఆయన మొహం మాత్రం రోజురోజుకీ వాడిపోతూ వచ్చింది. ఆయన్ని చూస్తే నాకే జాలేసింది. ఆ నాలుగు దావాల కాగితాలు చూసుకుని జాలి పోగొట్టుకునేవాణ్ణి.

ఏడో వాయిదా నాడు జడ్జి గారు ఫైలు తిరగేస్తూ, "వాది చిరునామా, రెండో ప్రతివాది చిరునామా ఒకటే రాశారు. టైపింగు పొరపాటా?" అని అడిగారు. పొరపాటు కాదండి, ఒకే ఇల్లండి అని మా ప్లీడరు గారు మనవి చేశారు. జడ్జి గారు ఫైలు మూసి కేసుని మధ్యవర్తిత్వానికి పంపారు. రాజీ కుదిరితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, మధ్యవర్తికి మీరేమీ ఇవ్వక్కర్లేదు అని కూడా చెప్పారు. ఆ మాట వినగానే సువర్ణరాజు గారు ఆరు నెలల్లో మొదటిసారి నిటారుగా నిలబడ్డారు.

2025 ఫిబ్రవరిలో మధ్యవర్తిత్వం జరిగింది. ఆ గదిలో మాట్లాడినవి బయట చెప్పకూడదని నియమం. సవరమ్మ గారే చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ రోజు మా ప్లీడరు గారికి జ్వరం. ఫైలు పట్టుకుని నేను వెళ్ళాను. నేను ఉండటానికి ఎవరికీ అభ్యంతరం లేదంటే గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. గదిలో గుండ్రటి బల్ల, నాలుగు కుర్చీలు. మధ్యవర్తి సింధూర గారు. ముప్ఫై అయిదేళ్ళ అడ్వొకేటు. ఆవిడ వచ్చేసరికి కిటికీ వైపు కుర్చీలో సువర్ణరాజు గారు కూర్చుని ఉన్నారు.

"అది నా కుర్చీ అండి," అన్నారు సింధూర గారు.

ఆయన లేచి, ఆ కుర్చీనీ పక్క కుర్చీనీ చూసి, పక్కదాంట్లో కూర్చున్నారు. కూర్చున్నాక, "అమ్మా, నువ్వు చిన్నదానివి, ఇలాంటివి నేను వందదాకా చేశాను. ముందు కోర్టు ఖర్చు చెప్పాలి. అప్పుడు ఇద్దరూ దారికొస్తారు," అని మొదలుపెట్టి వకాల్తా దగ్గర నుంచి అప్పీలు దాకా మొత్తం చెప్పారు. సింధూర గారు మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక సవరమ్మ గారి వైపు తిరిగి, "అమ్మా, మీకేం కావాలి?" అని అడిగారు.

ఇంతకుముందు ఏ పంచాయితీలోనూ ఆవిడ్ని ఎవరూ అడగని ప్రశ్న అనుకుంటాను.

"చెల్లెమ్మకి ఏటా పది ట్రేలు పంపిస్తానండి, మంచి కాయ," అన్నారు రాయప్ప.

"నేను ఆవిడ్ని అడిగానండి."

సవరమ్మ గారు చీర కొంగు సర్దుకుని భర్త వైపు తిరిగారు. "రెండువేల ఏడులో మా నాన్న తోట చూసి ఎకరానికి ఎంతని చెప్పారు?"

"ఒకటిన్నర టన్ను," అన్నారాయన.

"అంతకుముందేడు ఎంత కాసింది?"

ఏ తోట ఏ ఏడు ఎంత కాసిందో అడిగితే చెప్పకుండా ఉండటం ఆయన వల్ల కాదు. ఆ సంగతి ఈ ప్రపంచంలో సవరమ్మ గారికంటే బాగా ఎవరికీ తెలియదు.

"నాలుగు ముప్పావు," అన్నారు చివరికి.

"తర్వాతేడు?"

"అయిదు."

"మరి మీరు చూసిన ఏడు?"

"అది కాపు లేని ఏడు."

మామిడి చెట్టు ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అలిసిపోయి ఊరుకుంటుంది. తోట అమ్మేటప్పుడు కాపు లేని ఏడు చూసి ధర కట్టరు. రెండేళ్ళది కలిపి సగం తీసి కడతారు. ఇది మా దగ్గర చెట్టు కింద ఆడుకునే పిల్లలకి కూడా తెలుసు. సువర్ణరాజు గారు నలభై ఏళ్ళుగా చేస్తున్నది అదే పని.

"ఆ సంగతి అప్పుడు మీకు తెలుసా?" అన్నారు సవరమ్మ గారు.

ఆయన చేతులు వెనక్కి కట్టుకోబోయారు. కుర్చీలో కుదరలేదు.

"తెలుసు," అన్నారు.

రాయప్ప తల వంచుకున్నారు. "నాకూ తెలుసు చెల్లెమ్మా. బావ తోటలోకి వెళ్ళకముందే, నీ దగ్గర ఎంతుంది అని నన్నడిగాడు. లక్షన్నరకి మించి తేలేనన్నా. తర్వాతే వెళ్ళి చెట్లు చూసొచ్చాడు."

"అంటే నా వాటాకి చెట్లు చూసి ధర కట్టలేదు. అన్నయ్య జేబు చూసి కట్టారు."

"నీకు నచ్చజెప్పక్కర్లేదు, సవరమ్మా," అన్నారు సువర్ణరాజు గారు. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు నేను. "మీ అన్నయ్యకి నచ్చజెప్పాలంటే నెల పడుతుంది. కోపం వస్తుంది, రాకపోకలు పోతాయి. నువ్వయితే పెట్టమన్నచోట సంతకం పెడతావు. తొందరగా తేలిపోవాలంటే ఎవరు ఊరుకుంటారో చూసుకోవాలి. ఎప్పుడూ అలాగే తేల్చాను."

"నాకూ తెలుసు," అన్నారు సవరమ్మ గారు.

ఈసారి ఆయన తలెత్తారు.

"ఆ చెట్లకి బిందెలతో నీళ్ళు మోసినదాన్ని. అవి ఏ ఏడు కాస్తాయో, ఏ ఏడు మానతాయో నాకు తెలీదా? తెలిసే సంతకం పెట్టాను."

"తెలిస్తే అప్పుడే ఎందుకు అనలేదమ్మా?" అని అడిగారు సింధూర గారు.

"ఈయన నోటి లెక్క అబద్ధమని పదిమందిలో అంటే, మర్నాటి నించీ ఏ తోటకి పిలుస్తారండి? ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. అందుకని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక నాతో చెబుతారనుకున్నాను. ఆ రాత్రి చెబుతారనుకున్నాను. శ్లాబు వేసిన రోజు చెబుతారనుకున్నాను. చెప్పకపోగా, నన్ను చూపించి వేరే ఆడపిల్లల నోళ్ళు మూయిస్తున్నారు."

ఆవిడ ఏడ్చారు. గట్టిగా కాదు. పదిహేడేళ్ళ నుంచీ ఆపుకున్నట్టుగా ఏడ్చారు. సువర్ణరాజు గారు లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నారు. నేను ఫైలు తెరిచి అందులో ఏమీ లేని పేజీ ఒకటి చదివాను.

కాసేపటికి సింధూర గారు, ఇప్పుడు భూమి సంగతి ఏం చేద్దామని అడిగారు. సవరమ్మ గారు కళ్ళు తుడుచుకుని, రోడ్డు వైపు అరెకరం, అందులోని పందొమ్మిది చెట్లు కావాలన్నారు. తీసుకున్న లక్షన్నర అసలు ధరలో సగమే కాబట్టి మిగతా సగానికి అరెకరం తనకి రావాలని లెక్క కూడా చెప్పారు. లెక్క సరిగ్గా ఉంది. రాయప్ప నీళ్ళు నమిలారు. రోడ్డు వైపుది మంచి ముక్క.

"పోనీ వెనక వైపు అరెకరానికి ఒప్పుకో సవరమ్మా, ఇప్పుడే తేలిపోద్ది," అన్నారు సువర్ణరాజు గారు. అలవాటు.

సవరమ్మ గారు ఆయన వైపు తిరిగి, "మీరు రెండో ప్రతివాది. కూచోండి," అన్నారు.

ఆయన కూర్చునే ఉన్నారు. అయినా ఇంకాస్త కూర్చున్నారు. పావుగంటకి రాయప్ప రోడ్డు వైపు అరెకరానికి ఒప్పుకున్నారు. ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. బాధతోనో, సిగ్గుతోనో, పందొమ్మిది చెట్ల కోసమో నేను అడగలేదు.

ఖర్చు మాట చెప్పాలి కదా. సవరమ్మ గారికి మా ఆఫీసులో అయింది, వాయిదాలకి పోయిన స్కూలు కూలి, పెట్రోలు, అన్నీ కలిపి నలభై రెండు వేల చిల్లర. రాజీ కుదిరింది కాబట్టి కోర్టు ఫీజు పదకొండు వేల నాలుగు వందలు వెనక్కి వస్తుంది. సింధూర గారికి ఇచ్చింది సున్నా. అదే 2007లో సువర్ణరాజు గారు చేసిన రాజీకి అయిన ఖర్చు రెండు టీలు. దాని మీద పదిహేడేళ్ళలో సవరమ్మ గారు కట్టినదెంతో లెక్క వెయ్యడానికి నా దగ్గర పద్ధతి లేదు. సువర్ణరాజు గారి దగ్గర ఉండాలి.

సింధూర గారు ఒప్పందం రాసి చదివారు. అరెకరం సంగతి, సరిహద్దులు, దారి, అన్నీ వచ్చాయి. సవరమ్మ గారు విని, "మొదటిది రాయలేదండి," అన్నారు.

"ఏది అమ్మా?"

"ఈయన తెలుసన్నారుగా. అది."

"భూమి మార్పిడికి ఆ వాక్యం అవసరం లేదండి," అన్నాను నేను. నన్నెవరూ అడగలేదు.

"అది లేకపోతే నాకు అరెకరమూ అక్కర్లేదండి."

సింధూర గారు ఒకటో షరతుగా ఆ వాక్యం రాసి, ఇలా రాయడం మీకు సమ్మతమేనా అని సువర్ణరాజు గారిని అడిగారు. ఆయన తలూపారు. తర్వాత ఏదో తట్టినట్టు, "సమ్మతమే," అని నోటితో చెప్పారు.

"చదవండమ్మా," అన్నారు సవరమ్మ గారు. సింధూర గారు చదివారు. "ఇంకోసారి," అన్నారు. రెండోసారి చదివారు. మూడోసారి అడగబోతుంటే సువర్ణరాజు గారు చెయ్యి చాపి కాగితం తీసుకున్నారు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయారేమో, కాగితాన్ని దూరంగా పట్టుకున్నారు. తర్వాత కాగితం దించేసి, దాన్ని చూడకుండా భార్య మొహంలోకి చూస్తూ చెప్పారు.

"అది కాపు లేని ఏడని నాకు తెలుసు. నా భార్య ఎదురు చెప్పదని కూడా తెలుసు. అందుకే ఆ లెక్క చెప్పాను."

సవరమ్మ గారు ఆ మాట లోపలికి వెళ్ళేదాకా కదలకుండా కూర్చున్నారు. తర్వాత నా చేతిలోంచి పెన్ను తీసుకున్నారు.

"ఈ మాట అప్పుడే వంటింట్లో నాతో అనుంటే, నేను ఒక్క చెట్టు కూడా అడిగేదాన్ని కాదండి," అని చెప్పి సంతకం పెట్టారు.